పంకసిద్ధుడి ఎడమ చెవి

తూర్పుకొండల మీద సూర్యుడు కుంకుమ ఆరబోశాడు. ఆ వెలుగులో శంఖినీ నది పగడాల హారంలా మెరిసింది. ఒడ్డున చందనవనాల్లో నెమళ్ళు పురివిప్పాయి, పొన్నచెట్ల మీద చిలకలు బారులు తీరాయి, లేడిపిల్లలు పచ్చికలో గంతులు వేశాయి. ఈ వైభవమంతా ధూసరగిరికి కోసెడు దూరం వరకే. అక్కడికి వచ్చేసరికి నెమలి పురి ముడుచుకుంటుంది, లేడి దారి మార్చుకుంటుంది, గాలి సైతం కొండను చుట్టి వెళుతుంది తప్ప ఎక్కి వెళ్ళదు. ఎందుకంటే ఆ కొండగుహలో పంకసిద్ధుడనే మాంత్రికుడు ఉన్నాడు. ఆయన స్నానం చేసి పుష్కరకాలం అయింది.

బద్ధకం అనుకోకండి. అది దీక్ష. తక్కిన మాంత్రికులు తమ ప్రాణాన్ని చిలకలోనో తుమ్మెదలోనో దాచుకుని, ఆనక ఎవరో దాని మెడ విరిచేస్తే లబోదిబోమంటారు. పంకసిద్ధుడు తెలివైనవాడు. తన శక్తినంతా ఒంటిమురికిలో దాచుకున్నాడు. ఎవరి మీద కోపం వస్తే వాళ్ళను మంత్రం చదివి నువ్వుగింజంత మురికి చేసి ఒంటికి అంటించుకునేవాడు. అలా ఆయన కుడి మోకాలి మీద రెండు ఏనుగులు, మెడ మీద ఒక నాట్యబృందం, వీపు మీద అప్పుడెప్పుడో యుద్ధానికి వచ్చిన ఒక సామంతరాజు ఉన్నారు. ఎడమ చెవి వెనక తామ్రకుంభ నగరంలో సబ్బులు వండి అమ్ముకునే పున్నాగయ్య ఉన్నాడు.

పున్నాగయ్య చేసిన నేరం నిజం చెప్పడం. గంప నెత్తిన పెట్టుకుని గుహకు పోయి, "అయ్యా, తమ కంపు మా ఊరి దాకా వస్తోంది, ఒక సబ్బు తీసుకోండి" అన్నాడు. సరుకు మంచిదే. మాట తీరే బాగాలేదు.

ఈ సాయంత్రం సూర్యుడు అస్తమించగానే దీక్ష ముగుస్తుంది. అప్పుడా మురికి వజ్రలేపంలా గట్టిపడిపోతుంది, అందులో ఉన్నవాళ్ళు ఇక మనుషులు కారు. అందుకే పున్నాగయ్య ఒక్కగానొక్క కూతురు మధూలిక పొద్దున్నే ధూసరగిరి ఎక్కుతోంది. ఆమె వెనక సబ్బుల గంప నెత్తిన పెట్టుకుని, ఆయాసపడుతూ, కాంచనధార యువరాజు రణకేసరి ఎక్కుతున్నాడు.

యువరాజుకు గంప మోసే గతి ఎలా పట్టిందో గుర్తులేనివారికి మళ్ళీ చెబుతాను. ఆయన మొదట పంకసిద్ధుణ్ణి చంపడానికే వచ్చాడు. తాతముత్తాతల ఖడ్గం దూసి, సింహనాదం చేసి, మాంత్రికుడి భుజం మీద ఒక్క వేటు వేశాడు. కత్తి మురికిలో దిగబడి, రాక, పుటుక్కున విరిగింది. పిడి చేత పట్టుకుని పరుగెత్తిన రాకుమారుడు తామ్రకుంభంలో మధూలిక పెరట్లో పడ్డాడు. ఆమె అప్పుడు అరటిదవ్వల బూడిదను నీళ్ళలో నానబెట్టి తేట వడకడుతోంది. "తెగని మురికి వదులుతుందేమో చూద్దాం. నాకు గంప మోసే మనిషి కావాలి" అంది.

ఆ పెరట్లో యువరాజు చాలా నేర్చుకున్నాడు. బూడిదతేటను ఇప్పనూనెతో కలిపి సన్నటి సెగ మీద కాచాలి. తెడ్డు తిప్పిన జాడ చెరిగిపోకుండా నిలిచేంత చిక్కబడ్డాక పచ్చకర్పూరం, వట్టివేరు పొడి వేసి చెక్క అచ్చుల్లో పొయ్యాలి. గట్టిపడ్డాక దారంతో కోసి, నీడలో గాలి ఆడేలా పేర్చి, పండేదాకా ఆగాలి. యువరాజుకు చేత కానిది ఆ ఆగడమే. రోజూ పొద్దున్నే వెళ్ళి "పండిందా?" అని అడిగేవాడు. మధూలిక ఒక సబ్బు అంచు నాలుకకు ఆనించి చూసేది. చీమ కుట్టినట్టు చురుక్కుమంటే పచ్చి, ఏమీ అనిపించకపోతే పండినట్టు. పచ్చి సబ్బు చర్మాన్ని కొరుకుతుంది. పున్నాగయ్య కొట్టులో పచ్చి సబ్బు ఏనాడూ గడప దాటలేదు.

బయలుదేరే ముందు యువరాజు తనే సొంతంగా ఒకటి వండాడు. అది అల్లం కొమ్ములా వంకరటింకరగా వచ్చింది.

"ఇదేమిటి యువరాజులుంగారూ, సబ్బా, కూరలో వేసేదా?" అంది మధూలిక.

"చేతిపని కదా, కొంచెం అటూ ఇటూ అవుతుంది."

"ఇది పండేసరికి మీకు పట్టాభిషేకం కూడా అయిపోతుంది. అక్కడ పెట్టండి."

ఆయన అక్కడ పెట్టలేదు. ఆమె చూడకుండా తలపాగా మడతలో దోపుకున్నాడు. మనిషికి తొలిసారి చేసిన వస్తువు మీద ఉండే మమకారం అది, రాజైనా పేదైనా ఒకటే.

ప్రాణం మీదికి వచ్చిన ప్రయాణమే అయినా దారిలో సంత కనిపిస్తే ఆగకుండా పోవడం మధూలిక వంశంలో లేదు. దారిబత్తెం కూడా కావాలి. ఆమె అమ్మకం ముచ్చటగా ఉండేది. కొనమని ఎవరినీ అడిగేది కాదు. ఎదుటివాళ్ళ ఒక చెయ్యి పట్టుకుని, సబ్బు రుద్ది, శుభ్రంగా కడిగి వదిలేసి, రెండో చెయ్యి జోలికి పోకుండా పక్కకు తిరిగి కూర్చునేది. వాళ్ళు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకునేవారు. ఆ తరవాత ఇక ఆ రెండో చెయ్యి వాళ్ళను నిద్రపోనిచ్చేది కాదు.

చిక్కంతా యువరాజుతోనే వచ్చింది. సబ్బు కొన్న ప్రతి ముసలమ్మా "కొసరు వెయ్యి నాయనా" అనేది. లేదనడం రాజరక్తానికి చేతకాదు. సబ్బు ముక్క కొసరు అడిగితే నిండు సబ్బే ఇచ్చేవాడు. పైగా పెద్దవాళ్ళు ఎవరు పలకరించినా రెండు చేతులూ జోడించి నమస్కరించడం చిన్నప్పటి నుంచీ రాజగురువు చేసిన అలవాటు. నెత్తిన గంప ఉన్న సంగతి అప్పుడు ఆయనకు గుర్తుండేది కాదు. మొదటి సంతలోనే సగం సబ్బులు బురదలో పడ్డాయి.

"ఇంకొక్క కొసరు వేశారంటే మిమ్మల్నే కొసరుగా ఇచ్చి వస్తాను" అని మధూలిక గట్టిగా హెచ్చరించింది. అప్పటి నుంచి ఆయన కొసరు వెయ్యడం మానలేదు, ఆమెకు కనబడేలా వెయ్యడం మానాడు.

ఆ తెల్లవారుజామున శంఖినీ నది దాటుతుండగా నీటిలోంచి తాటిదూలమంత మొసలి లేచింది. తెప్ప తలకిందులైంది. మధూలిక గంప కోసం ఈదింది, మొసలి మధూలిక కోసం ఈదింది. రణకేసరి ఒక్క దూకు దూకి, మొసలి నోరు తెరిచిన క్షణంలో విరిగిన కత్తిపిడిని దాని దవడల మధ్య నిలువుగా గుచ్చి, దాని వీపు మీద కాలు పెట్టి, గంపతో సహా మధూలికను ఒడ్డుకు చేర్చాడు. ఆ పని ఆయన ఎంత చులాగ్గా చేశాడంటే, మధూలికకు మెచ్చుకోక తప్పలేదు. "ఫరవాలేదు, సబ్బులు తడవలేదు" అంది.

ఆమె జుట్టు ఆరబెట్టుకుంటూ ఉండగా యువరాజు ఒడ్డున గుండ్రటి గులకరాళ్ళు ఏరుతూ కనిపించాడు. ఎందుకని అడిగితే వడిసెలకు అన్నాడు. ఆయన దగ్గర వడిసెల లేదు. ఆమె ఆ సంగతి ఆలోచించే స్థితిలో లేదు.

కొండ సగం ఎక్కాక ఇద్దరూ వేషాలు మార్చారు. కొబ్బరిపీచు జడలు కట్టి, ముఖానికి బూడిద పూసుకుని మధూలిక ముసలి యోగిని అయింది. శిష్యుడి వేషానికి మీసం తియ్యమంటే రణకేసరి ససేమిరా అన్నాడు. సరేనని దానికీ బూడిద రాసింది. దాంతో శిష్యుడు గురువు కంటే పెద్దవాడిలా తయారయ్యాడు.

గుహాద్వారంలో దంష్ట్రిక అనే రాక్షసి కాపలా ఉంది. గుమ్మడికాయలంత కళ్ళు, రోకళ్ళలాంటి కోరలు, భుజాన గద. "ఎవర్రా మీరు? ఎముకలతో సహా నమిలేస్తాను" అని అరిస్తే కొండ మీది రాళ్ళు నాలుగు దొర్లాయి. లేని కత్తి కోసం యువరాజు చెయ్యి నడుం తడిమింది. మధూలిక మాత్రం ఎదురు వెళ్ళి, "ఏదీ తల్లీ, చెయ్యి ఇలా ఇయ్యి" అంది.

రాక్షసి బిత్తరపోయి చెయ్యి ఇచ్చింది. మధూలిక కమండలంలోని నీళ్ళు పోసి, సబ్బు రుద్ది, గోళ్ళ సందులు కూడా తోమి, కొంగుతో తుడిచి, పక్కకు తిరిగి కూర్చుంది.

దంష్ట్రిక ఆ చేతిని చూసుకుంది. వాసన చూసుకుంది. ఇంకో చేతిని చూసుకుంది. "మరి ఇదో?" అంది నెమ్మదిగా.

"దానికేం తల్లీ, బాగానే ఉందిగా."

"ఎక్కడ బాగుంది? నీకు కళ్ళు లేవా?" రాక్షసి గొంతు ఏడుపులోకి దిగింది. ఇంకొక్క క్షణంలో బేరం కుదిరింది. లోపలికి దారి వదిలితే ఒక సబ్బు. గద పక్కన పెట్టి సబ్బు అందుకుంటూ దంష్ట్రిక, "కొసరు?" అంది. యువరాజు చెయ్యి దానంతటదే గంపలోకి పోయింది. మధూలిక ఆయన కాలు తొక్కింది.

గుహలో గోడలకు మాణిక్యాలు, నీలాలు, గోమేధికాలు పొదిగి ఉన్నాయి. అన్నిటి మీదా జానెడు మందాన మసి ఉంది. నడుమ పులిచర్మం మీద పంకసిద్ధుడు కూర్చుని మెలికలు తిరుగుతున్నాడు. పుష్కరకాలపు దురద. గోరు పెట్టి గోకుదామంటే ఎవరో ఒక ఖైదీ రాలిపోతాడని భయం. లోకాలను గడగడలాడించిన మాంత్రికుడు వీపు ఎక్కడ రాసుకోవాలో తెలియక స్తంభాల వంక దీనంగా చూస్తున్నాడు.

"ఎవరవ్వా నువ్వు? నా దీక్ష పూర్తయ్యే రోజున ఎందుకొచ్చావు?"

"దురద తీర్చే శిల తెచ్చాను నాయనా. హిమగిరి సిద్ధులు వాడేది" అంది మధూలిక, టేకాకు పొట్లం విప్పి సబ్బు చూపించి.

పంకసిద్ధుడు కళ్ళు చిట్లించాడు. "నీళ్ళు తగిలితే నా దీక్ష చెడుతుంది."

"నీళ్ళెందుకు? మేకపాలు తెచ్చాం." ఆమె తోలుతిత్తి చూపించింది. అందులో పాలవాళ్ళు ఏం కలిపారన్నది వేరే సంగతి, దానికి యోగిని పూచీ లేదు. "ఒక్క చిటికెనవేలు ఇయ్యి. నచ్చకపోతే ఇలాగే వెళ్ళిపోతాం."

దురద పడ్డవాడికే తెలుస్తుంది ఆ మాట విలువ. మాంత్రికుడు కుడిచేతి చిటికెనవేలు చాచాడు.

"ఎడమ చెయ్యి అడగవేం? మీ నాన్న ఎడమ చెవి దగ్గర కదా ఉన్నాడు" అని యువరాజు మధూలిక చెవిలో గొణిగాడు.

"బోణీ ఎడమచేత్తో ఎవరైనా చేస్తారా? నోరు మూసుకుని పాలు పొయ్యండి."

చిటికెనవేలు కడిగింది. మామిడి చిగురు రంగులో, పసిపిల్లాడి వేలులా బయటపడింది. మధూలిక తుడిచి, వదిలేసి, పక్కకు తిరిగి కూర్చుంది.

పంకసిద్ధుడు ఆ వేలిని దీపం దగ్గర పెట్టి చూశాడు. "ఇది ఎవరిది?"

"నీదే నాయనా."

ఆయన ఆ వేలిని చెంపకు ఆనించుకున్నాడు. తరవాత, "మా అమ్మ ప్రతి శనివారం తలంటేది. కళ్ళల్లో పడుతుందని నేను ఏడిచేవాణ్ణి. ఆవిడ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టేది" అన్నాడు. మధూలికకు ఒక్క క్షణం అతని మీద జాలి కలిగింది. కానీ ఎడమ చెవి వెనక నల్లటి చుక్క కనిపించగానే ఆ జాలి పోయింది.

"అవ్వా, తక్కిన వేళ్ళు?"

"వాటికేం, బాగానే ఉన్నాయిగా."

"బాగాలేవు" అని పంకసిద్ధుడు గొల్లుమన్నాడు. పులిచర్మం మీద వెల్లకిలా పడుకుని, తన కళ్ళ మీద తనే చెయ్యి అడ్డం పెట్టుకుని, "కానియ్యి" అన్నాడు.

ఇక చూడండి. మధూలిక రుద్దుతోంది, రణకేసరి పాలు పోస్తున్నాడు. మాంత్రికుడు దురద తీరిన హాయిలో గుర్రు పెట్టాడు. మోచెయ్యి కడగగానే నల్లటి గింజ ఒకటి పాలమడుగులో పడి మంత్రిగారై లేచింది. మెడ కుడి పక్క కడిగితే నాట్యబృందం గజ్జెలు చేత పట్టుకుని మునివేళ్ళ మీద బయటికి నడిచింది. మోకాలి వంతు వచ్చేసరికి రెండు ఏనుగులూ ఒకేసారి రాలాయి. వాటిని ఘీంకరించకుండా ఆపడానికి యువరాజు ఒకదాని తొండం చంకలో ఇరికించుకుని, రెండోదాని చెవిలో జోలపాట పాడాడు. మధ్యమధ్యలో పాలు పొయ్యడం మాత్రం మానలేదు.

సబ్బు మీద సబ్బు అరిగిపోతోంది. గుహలోకి వచ్చే ఎండ పసుపు పోయి ఎరుపు తిరిగింది. మాంత్రికుడు నిద్రలో ఒత్తిగిలినప్పుడు వీపు రుద్దితే, సామంతరాజు లేచి, యుద్ధం అయిపోయిందా అని అడిగి వెళ్ళిపోయాడు. కుడి పక్కంతా తళతళలాడుతోంది. ఇక మిగిలింది ఎడమ పక్క. ముందు చెవి.

"ఇంకొకటి ఇవ్వండి" అంది మధూలిక చెయ్యి చాచి.

యువరాజు టేకాకు పొట్లం ఇచ్చాడు. విప్పింది. గులకరాయి.

ఇంకో పొట్లం విప్పింది. గులకరాయి. గంప బోర్లించి చూసింది. అన్నీ శంఖినీ నది ఒడ్డువే. ఆమె తల ఎత్తి యువరాజును చూసింది. ఆయన గుహ పైకప్పుకు పట్టిన మసిని పరీక్షగా చూస్తున్నాడు.

"సంతలో ఒక పెద్దావిడ మనవరాలికి పెళ్ళంది. ఇంకొకాయన, కొసరు లేకపోతే ఇంట్లోకి రానివ్వరన్నాడు. నువ్వు కోప్పడతావని..." అన్నాడు.

మధూలిక తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు బాగుండేది. ఆమె కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. బూడిద పూసిన బుగ్గల మీద చారలు పడ్డాయి. ఇంత దూరం వచ్చి, అడుగు ఎడంలో నాన్నను పెట్టుకుని, చేతిలో రాళ్ళతో కూర్చోవడం ఆమె తట్టుకోలేకపోయింది.

అప్పుడు చెవి వెనక నుంచి దోమ పాడినంత సన్నగా ఒక గొంతు వినబడింది. "మధూ, నురగ పల్చగా ఉందమ్మా. ఇప్పనూనె తగ్గించావా?"

"నాన్నా!"

"ఏడవకు. ముందు ఆ విషయం చెప్పు."

రణకేసరి గబగబా తలపాగా విప్పాడు. మడతలోంచి అల్లం కొమ్ములాంటి ఆ సబ్బు తీసి ఆమె చేతిలో పెట్టాడు. మధూలిక అలవాటు కొద్దీ దాని అంచు నాలుకకు ఆనించింది. చీమలపుట్టలో నాలుక పెట్టినట్టయింది.

"కుట్టిందా?" అంది గొంతు.

"కుట్టింది నాన్నా. పచ్చిది."

"అయితే వద్దు. మన కొట్టు పేరుంది. ఎంత దుర్మార్గుడైనా బేరానికి వచ్చినవాడికి పచ్చి సబ్బు అమ్మకూడదు."

గుహ నోటి దగ్గర ఎండ చారెడు మిగిలింది. పంకసిద్ధుడి గుర్రు ఆగింది. కనురెప్ప కదిలింది. మధూలిక కళ్ళు తుడుచుకుంది.

"అమ్మడం లేదు నాన్నా. కొసరు వేస్తున్నాను" అని, పాలలో ముంచి, ఎడమ చెవి వెనక బలమంతా పెట్టి రుద్దింది.

మాంత్రికుడు పెట్టిన కేకకు గోడల్లోని మాణిక్యాలు ఊడిపడ్డాయి. ఏనుగులు ద్వారం పగలగొట్టుకుని పారిపోయాయి. వాటికి అడ్డం నిలవబోయిన దంష్ట్రిక, చేతులు మాసిపోతాయని తప్పుకుంది. చెవి మంటకు పంకసిద్ధుడు ఎగిరి ఆకాశానికి లంఘించాడు. కానీ శక్తి ఎడమ పక్కనే మిగిలింది, కుడి పక్క మామూలు మనిషి. అందుకని తిన్నగా పోలేక, ఒక రెక్క విరిగిన కాకిలా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. చెవి పట్టుకుని మధూలిక వేలాడుతోంది. ఆఖరి క్షణంలో దూకి ఆయన పాదం దొరకబుచ్చుకుని దాని కింద రణకేసరి వేలాడుతున్నాడు. ముగ్గురూ గిరగిరా తిరుగుతూ గుహ దాటారు, కొండ దాటారు, శంఖినీ నది మీదికి వచ్చారు. కింద మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఎదురు చూస్తున్నాయి. పొద్దుటి మొసలి నోరు అప్పటి నుంచీ తెరిచే ఉంది.

చెవి వెనక నురగలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. తెడ్డు తిప్పి కాయలు కాసిన చెయ్యి. మధూలిక దాన్ని పట్టుకుని లాగింది. మోచెయ్యి వచ్చింది, భుజం వచ్చింది, తల వచ్చింది. పడమటి కొండ మీద సూర్యుడి అంచు మునిగేలోపల పున్నాగయ్య నడుం దాకా బయటపడి కూతురి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. ఆమె పెద్దగా ఏడ్చింది, పెద్దగా నవ్వింది. ఆ రెండూ గాలిలోనే జరిగాయి.

పున్నాగయ్య తన ఒంటికి అంటిన నురగను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఎంత ఆపదలోనైనా సరుకు చూడకుండా ఉండలేని మనిషి.

"పచ్చిదే. కానీ నురగ మాత్రం వెన్నలా ఉంది. ఇది నీ చెయ్యి కాదమ్మా, ఎవరు వండారు?"

"కింద ఉన్నాడు నాన్నా. కాంచనధార యువరాజు."

పున్నాగయ్య కిందికి వంగి, మాంత్రికుడి పాదం పట్టుకుని వేలాడుతున్న కుర్రవాణ్ణి ఆప్యాయంగా పలకరించాడు. "మంచి చెయ్యి నాయనా నీది. నువ్వేనా వండింది?"

రణకేసరి జీవితంలో అంత పొగడ్త ఎవరి నోటా వినలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"నేనేనండి" అన్నాడు. పెద్దవారు పలకరించారు కదా అని, రెండు చేతులూ జోడించి నమస్కారం చేశాడు.